మూడో కంప్యూటరు అడిగిన ప్రశ్న

అడక్కుండా జరిగే పనులంటే కలీపాకి ఒళ్ళు మంట. పదహారేళ్ళపాటు నరీన్ అనే కొండ ఊళ్ళో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చెవులకి ఫోను తగిలించుకుని కూర్చున్న మనిషి ఆవిడ. “ఫ్రుంజే నుంచి మీకు ఫోను, కలపమంటారా?” అని అడిగేది, ఇప్పటి బిష్కెక్‌ని అప్పుడు ఫ్రుంజే అనేవాళ్ళు. అవతల సరే అంటేనే తీగ గుచ్చేది. సామాన్యుడు చేసినా, పార్టీ కార్యదర్శి చేసినా అంతే. ఒకసారి జిల్లా పెద్ద ఒకాయన విసుక్కుని “నేనెవరో తెలిసి కూడా ఈ అడగడాలేమిటి?” అన్నాడు. “మీరెవరో తెలుసండీ. అవతలివాళ్ళు మీతో మాట్లాడతారో లేదో తెలీదు” అంది కలీపా. ఆ ఏడు ఇస్సిక్-కుల్ సరస్సు ఒడ్డున సెలవులకి పంపే జాబితాలో ఆమె పేరు లేదు. ఆ సంగతి ఇప్పటికీ మెడల్ గెలిచినంత గొప్పగా చెప్పుకుంటుంది.

ఇప్పుడామెకి యాభై ఎనిమిది. ఎక్స్ఛేంజీ మూతబడింది. ఆ తర్వాత బూట్ల ఫ్యాక్టరీ కూడా మూతబడింది. ఆ ఫ్యాక్టరీ క్లబ్బులో మేడమీద ఒక చదువుకునే గది మాత్రం ఎవరికీ గుర్తులేక మిగిలిపోయింది. ఆ గదికి అధికారి, గుమాస్తా, ఊడ్చే మనిషి అన్నీ కలీపాయే. గోడలనిండా ఎవరూ తియ్యని పుస్తకాలు, కిటికీ పక్కన ఏదో విదేశీ సంస్థ ఇచ్చిపోయిన నాలుగు కంప్యూటర్లు. కింద కాపలాకి సగినాలి ఆతా ఉంటాడు, ఆతా అంటే తాత. తలుపు దగ్గర కూర్చోవడం, బొగ్గుపొయ్యి ఆరకుండా చూడడం, వచ్చినవాళ్ళందరినీ ఏడు తరాల తాతల పేర్లు అప్పజెప్పమని ప్రాణం తియ్యడం ఆయన ఉద్యోగం.

ఆ కంప్యూటర్లలో ఇంటర్నెట్ చూపించే బ్రౌజరుకి ఒక అలవాటుండేది. ఏ సైటు తెరిచినా ఆ సైటు మన కంప్యూటర్లో ఓ చిన్న గుర్తు దాచిపెట్టి పోతుంది, కుకీ అంటారు దాన్ని. మళ్ళీ వెళితే ఆ గుర్తు చూసే “ఓహో, నువ్వా!” అని మనల్ని పోల్చుకుంటుంది. మామూలుగా ఇదంతా మనకి తెలియకుండానే జరిగిపోతుంది. కలీపా గదిలో మాత్రం జరగదు. సెట్టింగుల అడుగున ఎక్కడో “ప్రతిసారీ నన్ను అడుగు” అని ఒక వరస ఉంటే, వచ్చిన మొదటి వారంలోనే దాన్ని వెతికి పట్టుకుంది ఆవిడ. అప్పట్నుంచీ ఏ సైటు గుర్తు పెట్టబోయినా తెరమీద చిన్న పెట్టె లేచేది. ఉండనివ్వనా, ఈ పూటకి మాత్రమే ఉండనివ్వనా, వద్దంటారా? “ఈ పూటకి” అంటే విండో మూయగానే గుర్తు చెరిగిపోతుంది. కింద ఇంకో చిన్న గడి, ఈ సైటుకి ఇకపై ఇదే జవాబు అని.

ఏ సైటుకి ఏం జవాబివ్వాలో ఆవిడ గళ్ళ నోటుబుక్కులో రాసిపెట్టుకుంది. పిల్లలు పరీక్షలకి తయారయ్యే సైటు మధ్యలో మర్చిపోతే మళ్ళీ మొదటికొస్తుంది, కాబట్టి దానికి ఉండనివ్వు. వార్తల సైట్లకి వద్దు. ఉత్తరాల సైటుకి, అంటే మెయిలుకి, గుర్తు మిగిలితే తర్వాతి మనిషికి తెరుచుకుంటుంది కాబట్టి ఈ పూటకి మాత్రమే. ఆ మాట కింద ఎర్ర పెన్సిలుతో రెండు గీతలు.

“ఇదేం బ్రౌజరు ఎజే, సరిహద్దు చౌకీలా ఉంది” అని బిష్కెక్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు, ఎజే అంటే అక్క.

“అవును. కాగితాలు చూపించి దాటు” అనేది కలీపా.

ఆ ఎర్ర గీతల విలువేమిటో ఆ చలికాలంలో సైకాల్ వచ్చాక తెలిసింది. సైకాల్‌కి ఇరవై ఆరేళ్ళు, అరూకే అని నాలుగేళ్ళ కూతురు. మొగుడు తిలెక్ కార్ల మరమ్మతు షెడ్డు నడుపుతాడు. సైకాల్ ఎడమచెయ్యి రెండుసార్లు విరిగింది. రెండుసార్లూ మంచుమీద జారానని ఆస్పత్రిలో చెప్పింది. రెండోసారి విరిగింది జూలై నెలలో. డాక్టరు ఆ మాట కూడా రాసుకుని కట్టు కట్టి పంపేశాడు.

ఆమె ఫోను రోజూ సాయంత్రం మొగుడి చేతిలోకి వెళ్ళాల్సిందే. అందుకని బిష్కెక్‌లో ఉన్న అక్క బెగాయిమ్‌తో మాటలన్నీ ఈ గదిలోనే, మూడో కంప్యూటరు మీదే నడిచేవి. శుక్రవారం పొద్దున అత్తగారు తన చెల్లెలింటికి వెళుతుంది. ఆ సందులో రొట్టెకొట్టుకని బయల్దేరి, పరుగున మెట్లెక్కి వచ్చేది సైకాల్. రానూపోనూ పోగా మిగిలేది పన్నెండు నిమిషాలు. బెగాయిమ్ అక్కడ ఆడవాళ్ళు తలదాచుకునే ఇల్లొకటి చూసింది, బిడ్డతో సహా ఉండనిస్తారు. ఇక ఏ రోజు, ఏ బండి అన్నదే తేలాలి.

మొదటి రోజే సైకాల్ అడిగింది. “ఎజే, లేచేటప్పుడు మెయిల్లోంచి బయటికొచ్చినట్టు ఏదో నొక్కాలంటారు కదా?”

“నొక్కితే మంచిదే. మన లైనుకి అది తిరిగీ తిరిగీ ఆగడానికి నిమిషం పైన పడుతుంది. నీకు నిమిషాలెక్కడున్నాయమ్మా? విండో మూసేసి వెళ్ళు. ఇక్కడ నీ గుర్తు మిగలకుండా చూసే పూచీ నాది.”

కలీపా పూచీ అంటే నరీన్‌లో అందరికీ నమ్మకమే. సైకాల్ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మార్చి మొదటి సోమవారం పొద్దున కంప్యూటర్లు వెలిగించి వార్తల సైటు తెరిస్తే పెట్టె లేవలేదు. ఇంకోటి తెరిచింది. లేవలేదు. సెట్టింగుల్లోకి వెళ్ళి చూస్తే అడుగున ఉండాల్సిన ఆ వరసే లేదు. ఆదివారం బిష్కెక్ ఆఫీసువాళ్ళు కూర్చున్నచోటి నుంచే కొత్త బ్రౌజరు ఎక్కించేశారట. కలీపాకి అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడ కంప్యూటర్లు చూసే ఐజాత్‌కి ఫోను చేసింది.

“నా ప్రశ్న ఏదీ?” అంది పలకరింపు కూడా లేకుండా.

“ఏ ప్రశ్న ఎజే?” ఐజాత్‌కి కాసేపు పట్టింది. “ఓ, అదా! తీసేశారు ఎజే. మేం కాదు, తయారుచేసినవాళ్ళే తీసేశారు. ఎవరూ వాడట్లేదంట. ప్రపంచం మొత్తంమీద ముగ్గురు వాడుతుంటారు, అందులో ఒకరు మీరు.”

“మిగతా ఇద్దరెవరో చెప్పు, ఉత్తరం రాసుకుంటాను.”

“నవ్వించకండి ఎజే. చూడండి, కొత్తదాంట్లో ‘మూసేటప్పుడు అన్నీ తుడిచెయ్’ అని ఒక గడి ఉంది. దానికి టిక్కు పెట్టండి. ఎవర్నీ ఏం అడగదు, ఏదీ మిగల్చదు. మీలాంటి గదికి అదే క్షేమం. అరనిమిషం పని.”

“అన్నీ తుడిచేస్తే పరీక్షల పిల్లలు ఏడవరూ?”

“ఏడిస్తే మళ్ళీ మొదలెడతారు. ఏం కొంప మునగదు.”

“అడక్కుండా రాసేదీ నాకొద్దు, అడక్కుండా తుడిచేదీ వద్దు. నా గదిలో ఏది ఉండాలో నేను చెప్పాలి.”

“మీరు చెప్పేదాకా ఆగే కాలం పోయింది ఎజే” అని ఐజాత్ నిట్టూర్చింది. “పాతది పెట్టుకోకండి, సరేనా?”

సరే అని కలీపా అనలేదు. పిల్లల ఏడుపు ఒక సాకు మాత్రమే, అసలు సంగతి ఆవిడ పంతం. అది ఆవిడకీ తెలుసు, ఆ పూటకి ఒప్పుకోలేదంతే.

సొరుగు అడుగున ఆ విదేశీ సంస్థ ఇచ్చిపోయిన సీడీ ఉంది, మూడేళ్ళ కిందటి బ్రౌజరు అందులో భద్రంగా ఉంది. కొత్తది పీకేసి పాతది ఎక్కించింది. దానంతటదే మళ్ళీ కొత్తది అయిపోకుండా ఆ దారి కూడా మూసేసింది. కానీ కొత్తదాని సామాను పాతదానికి అక్కరకి రాలేదు. ఇన్నేళ్ళుగా ఇచ్చిన జవాబులన్నీ పోయాయి, మళ్ళీ ఒకటో మెట్టు నుంచి మొదలు. కలీపా చలించలేదు. జవాబులు నోటుబుక్కులో ఉన్నాయి కదా.

బొగ్గు బకెట్టుతో పైకొచ్చిన సగినాలి ఆతా తెరమీద పెట్టె లేవడం చూశాడు.

“ఏంటి కలీపా, కొత్త కోడల్ని తరిమేసి పాత కోడల్నే తెచ్చుకున్నావా?”

“పాతదైనా అడిగి చేస్తుంది ఆతా. కొత్తది ఇంట్లో కాలు పెట్టిన రోజే తాళాలు చేతిలోకి తీసుకుంది.”

“మా ఆవిడా అంతే చేసింది” అని ఆతా నవ్వి, పొయ్యిలో బొగ్గు వేసి పోయాడు. ఆ ఆవిడ పోయి రెండేళ్ళవుతోంది.

ఆ నాలుగు రోజులూ కలీపా చేసిన పని అదొక్కటే. ఎవరు ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా వెనకే నోటుబుక్కుతో నిలబడేది. పెట్టె లేవగానే ముందు కింది గడికి టిక్కు, ఆ తర్వాత పైన జవాబు. మొదట టిక్కు, తర్వాత జవాబు. ఒక్కో వార్తల పేజీకి పది పెట్టెలు లేచేవి, అందులో సగం ఎవరివో కూడా తెలియదు. “ఎజే, నన్ను చదవనిస్తారా, మీరే చదువుతారా?” అని ఒక మాస్టారు దెప్పిపొడిచాడు. గురువారానికి ఆవిడ కుడిచేతి మణికట్టు వాచింది. బుద్ధి చెప్పకముందే వేలు టిక్కు పెట్టేస్తోంది. రాత్రి కొవ్వు రాసి గుడ్డ చుట్టుకుంది, చేసిన పనికి తృప్తిగా కూడా ఉంది.

శుక్రవారం పదకొండున్నరకి సైకాల్ వచ్చింది. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు.

“ఎజే, ఇవాళ అక్క రోజు చెప్తానంది.”

“కూర్చో కూర్చో.”

సైకాల్ మెయిలు సైటు తెరిచింది. పెట్టె లేచింది. పాత బ్రౌజరు ఎక్కాక మూడో కంప్యూటర్లో మెయిలు తెరవడం అదే మొదటిసారి. కలీపా ఆమె భుజం మీదుగా వంగి మౌసు అందుకుంది. వేలు అలవాటుగా కింది గడికి టిక్కు పెట్టేసింది.

సరిగ్గా అప్పుడే సగినాలి ఆతా పళ్ళెంతో లోపలికొచ్చాడు. శుక్రవారం కదా, పోయిన భార్య పేరుమీద ఇంట్లో నూనె మరిగించి బోర్సోకులు, అంటే చిన్న పిండి రొట్టెలు, వేయించుకొచ్చాడు. వేడివేడి బోర్సోకుల మీంచి ఆవిరి లేస్తోంది, ఆ వాసన పోయినవాళ్ళకి చేరుతుంది. ఉన్నవాళ్ళు తలా ఒకటి తినాలి, పెద్దవాళ్ళు దీవెన చెప్పాలి. పళ్ళెం బల్లమీద పెట్టడం, రెండు చేతులూ ఎత్తడం ఆతాకి ఒకటే కదలిక.

“పోయినవాళ్ళకి ఇది చేరాలి” అని మొదలుపెట్టేశాడు.

దీవెన చెబుతున్నప్పుడు చేతులు ఎత్తకుండా ఉండే మనిషి ఆ కొండల్లో లేడు. దొంగైనా సంచీ కింద పెట్టి ఎత్తుతాడు. సైకాల్ చేతులు అప్పటికే లేచాయి. కలీపా ఎడమచెయ్యి లేచింది, కుడిచెయ్యి ఇంకా మౌసు మీదే ఉంది. పోయిన మనిషి పేరుమీద చెప్పే మాట సగంలో ఉంటే, ఒంటిచెయ్యి ఎత్తి నిలబడడమా! సిగ్గేసింది. పెట్టె వైపు చూడకుండానే వేలికి దగ్గరున్నది నొక్కేసి ఆ చెయ్యి కూడా ఎత్తింది.

“ఉన్నవాళ్ళు చల్లగా ఉండాలి. దారిన పోయేవాళ్ళకి దారి తెరిచుండాలి, ఇంట్లోవాళ్ళకి పొయ్యి వెలుగుతుండాలి. ఓమిన్.”

ముగ్గురూ చేతులు మొహం మీదుగా దించుకున్నారు. ఆతా తలా రెండు బోర్సోకులు చేతిలో పెట్టాడు, సైకాల్‌కి ఇంకోటి ఎక్కువ ఇచ్చాడు, బిడ్డకని. తర్వాత ఆమె తాతలెవరో అడగబోతుంటే కలీపా ఆయన్ని కిందికి తరిమింది. తిరిగొచ్చేసరికి తెరమీద పెట్టె లేదు, మెయిలు తెరుచుకుంది, సైకాల్ అక్క ఉత్తరం చదువుతోంది.

“మంగళవారం ఎజే” అంది గొంతు బాగా తగ్గించి. “పొద్దున ఏడింటికి. బజారు దగ్గర కాదు, పెట్రోలు బంకు దగ్గర ఎక్కమంది. డ్రైవరుతో మాట్లాడిందంట. పాపకి జ్వరమని ఆస్పత్రికని బయల్దేరమంది.”

“వెచ్చటి బట్టలు రెండు జతలు తొడిగెయ్, ఒకదానిమీద ఒకటి. సంచీ మాత్రం పట్టుకెళ్ళకు” అంది కలీపా.

సైకాల్ విండో మూసేసి లేచింది. వెళ్తూ వెళ్తూ కలీపాని గట్టిగా పట్టుకుంది. ఆమె ఒంటికి బోర్సోకుల వాసన వేస్తోంది.

శనివారం మధ్యాహ్నం మిర్లాన్ వచ్చాడు. సైకాల్ మరిది. షెడ్డులో అమ్మకానికున్న కారు ఫోటోలు ఎవరికో పంపాలన్నాడు. అంతకుముందు రెండుమూడుసార్లు వచ్చినవాడే. మర్యాదస్తుడు, బూట్లు మంచు దులుపుకోకుండా లోపలికి రాడు. ఒకటో కంప్యూటరు, రెండో కంప్యూటరు పరీక్షల పిల్లల దగ్గరున్నాయి, నాలుగోది పనిచెయ్యట్లేదు. పుస్తకంలో పేరు రాసి మూడోదాని ముందు కూర్చున్నాడు. కలీపా కిటికీ దగ్గర మణికట్టుకి గుడ్డ మార్చుకుంటోంది. పావుగంటకి లేచాడు.

“వెళ్ళాయా ఫోటోలు?” అంది.

“లేదు ఎజే, లైను బాలేదు. ఇంకోసారి వస్తా.” బల్లమీద పెన్ను తిన్నగా పెట్టి, “మీ చెయ్యి జాగ్రత్త” అని కూడా అన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం సగినాలి ఆతా మెట్లెక్కి వచ్చాడు. బొగ్గు బకెట్టు లేకుండా ఆయన పైకి రావడం అదే మొదలు. కుర్చీలో కూలబడ్డాడు.

“ఆ పిల్లని, శుక్రవారం ఇక్కడ కూర్చుందే, దాన్ని సారీ-బులాక్ దగ్గర పట్టుకున్నారంట.”

కలీపా లేచి తలుపు మూసింది.

“కనుమ దిగాక టీకని ప్రతి వ్యానూ ఆగుతుంది కదా అక్కడ. మొగుడూ మరిదీ ముందే వెళ్ళి కారులో కూర్చున్నారంట. బజార్లో గుర్రప్పాల కుమీసు అమ్మేవాడు కళ్ళారా చూశాడు. జుట్టు పట్టుకుని దింపారంట. బిడ్డ ఏడుస్తుంటే ఎవరో దాని చేతిలో రొట్టెముక్క పెట్టారంట. వ్యాన్లో పద్నాలుగు మంది ఉన్నారు కలీపా. పద్నాలుగు మంది! ఇంటి గొడవలే అనుకుని టీలు తాగి ఎక్కేశారంట.”

“ముందే వెళ్ళి కూర్చున్నారా?” అంది కలీపా.

“ముందే. ఏ వ్యానో కూడా తెలుసంట.”

ఆతా కిందికి వెళ్ళాక కలీపా మూడో కంప్యూటరు ముందు కూర్చుంది. ఏం చూడబోతోందో ఆవిడకి అప్పటికే తెలుసు. మెయిలు సైటు పేరు కొట్టింది. పెట్టె లేవలేదు. పాస్‌వర్డూ అడగలేదు. సైకాల్ పేరుతో పలకరించి, తలుపు బార్లా తీసినట్టు ఉత్తరాలన్నీ ముందు పరిచింది. ఆవిడ వాటిని చదవలేదు. సెట్టింగులు తెరిచి, జవాబుల జాబితాలో ఆ సైటు వెతికింది. దాని ఎదురుగా “ఎప్పటికీ ఉండనివ్వు” అని ఉంది. ఆ గుర్తుకి గడువు ఇంకా రెండేళ్ళు. నోటుబుక్కు పక్కనే ఉంది, ఎర్ర గీతలు రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

మిర్లాన్ వెతుక్కుంటూ రాలేదు. కారు ఫోటోలు పంపుకుందామని వచ్చాడు. వాళ్ళదీ అదే మెయిలు సైటు. తెరిచేసరికి వదిన ఉత్తరాలు వాటంతటవే ఎదురొచ్చాయి. ఆ పావుగంటసేపూ ఐదడుగుల దూరంలో కలీపా చేతికి గుడ్డ చుట్టుకుంటూ కూర్చుంది.

మెయిల్లోంచి బయటికి వచ్చే మీట నొక్కింది. అది తిరిగింది, తిరిగింది. గోడ గడియారం చూస్తూ కూర్చుంది కలీపా. నిమిషం మీద పది సెకన్లు పట్టింది. ఆ నిమిషం ఆ పిల్లని కూర్చోనిచ్చి ఉంటే సరిపోయేది.

ఆ సాయంత్రమే ఐజాత్‌కి ఫోను చేసి కొత్త బ్రౌజరు ఎక్కించమంది.

“అమ్మయ్య, దారికొచ్చారా! ఏమైంది ఎజే, పాతది మొరాయించిందా?”

“లేదు. బాగానే పనిచేసింది.”

“మరి?”

“ఆ తుడిచే గడి ఎక్కడుందో చెప్పు.”

ఐజాత్ చెప్పింది. ఒక్కో కంప్యూటరుకీ అరనిమిషం కూడా పట్టలేదు.

మర్నాడు పోలీసు ఠాణాకి వెళ్ళింది. అక్కడి అధికారి ఆవిడకి కుర్చీ వేసి, టీ ఇచ్చి, “ఇంటి విషయం ఎజే, ఆ అమ్మాయి వచ్చి రాసిస్తే చూద్దాం” అన్నాడు. అక్కణ్ణుంచి సైకాల్ అత్తవారింటికి వెళ్ళింది. అత్తగారు గేటు దాకా వచ్చి “కోడలికి జ్వరం, పడుకుంది” అంది నవ్వుతూ. లోపల్నుంచి చిన్న చప్పుడు కూడా లేదు. వెనక్కి వస్తూ కలీపా రోడ్డు పక్కన రాతిమీద చాలాసేపు కూర్చుంది.

బతుకంతా జనం చెవిలో “కలపమంటారా?” అని అడిగిన మనిషికి ఏడుపు కూడా సరిగా రాలేదు. తిట్టుకోవడానికి ఇంకొకరు దొరికితే బావుండునని వెతికింది. ప్రశ్న తీసేసినవాళ్ళని తిడదామంటే, తీసేసినది ఆవిడే మళ్ళీ తెచ్చుకుంది. బ్రౌజర్ని తిడదామంటే, అది దాని పని అది చేసింది. ఆతాని తిడదామంటే, ఆయన చచ్చిపోయిన భార్యకి రొట్టె పంపుకున్నాడు. వెతికి వెతికి ప్రతిసారీ తన కుడిచేతి దగ్గరికే వచ్చి ఆగేది.

ఏప్రిల్ మూడో శుక్రవారం, నది మీద మంచు విరిగి పెళపెళమంటున్న పొద్దున, మెట్లమీద అడుగుల చప్పుడయింది. సైకాల్ వచ్చింది. తలగుడ్డ నుదుటి మీదికి లాక్కుంది. పెదవి కుట్లు మానాయి గానీ, నోరు తెరిస్తే పై వరసలో రెండు పళ్ళు లేవు. చేతుల్లో గుడ్డ కప్పిన పళ్ళెం ఉంది. అత్తగారు కింద ఆతా దగ్గర ఆగినట్టుంది, మాటలు వినిపిస్తున్నాయి.

“మా మామగారు పోయి ఏడాదైంది ఎజే” అంది సైకాల్. “అత్తయ్య ఇళ్ళన్నిటికీ పంచుతోంది. నన్ను ఒక్కదాన్నే పంపదు ఇప్పుడు.”

“అరూకే ఏది?”

“అత్-బాషీలో. ఆడబిడ్డ దగ్గర పెట్టారు. నేను బుద్ధిగా ఉంటే ఎండాకాలంలో చూపిస్తారంట.”

సైకాల్ పళ్ళెం బల్లమీద పెట్టి గుడ్డ తీసింది. బోర్సోకుల మీంచి ఇంకా ఆవిరి లేస్తోంది. మూడో కంప్యూటరు వైపు మాత్రం ఆమె చూడలేదు.

“ఎజే, మీరేం మనసులో పెట్టుకోకండి” అంది. పళ్ళు లేక మాటలు గాలిలా వస్తున్నాయి. “రాత్రింబగళ్ళు ఆలోచించాను. మొదట నేనే ఏదో మర్చిపోయాననుకున్నా. తర్వాత గుర్తొచ్చింది. ఆ ప్రశ్న తీసేశారని మీరందరితో అంటుండేవారంట కదా, ఆ శుక్రవారం నేను దిగి వెళ్తుంటే ఆతా చెప్పాడు. అడక్కుండానే అన్నీ దాచేస్తుందని. దానివల్లే అయింది. ఎక్కడో కూర్చుని ఎవరో తీసేశారు. మీరేం చేస్తారు?”

తలుపు తెరిచిపెట్టి మరీ ఆహ్వానించినట్టుంది ఆ మాట. ఊ అంటే చాలు. నెలకి పైగా గుండెల మీదున్న బండ దిగిపోతుంది, ఈ పిల్లకి కూడా నరీన్‌లో నమ్మదగిన మనిషి ఒకరు మిగులుతారు. కలీపా నోరు తెరిచింది.

“లేదమ్మా. అడిగింది.”

సైకాల్‌కి అర్థంకాలేదు.

“పాతది నేనే మళ్ళీ తెచ్చిపెట్టాను. ఆ రోజు నువ్వు తెరవగానే అది అడిగింది. ఉండనివ్వనా అంది. ఆతా దీవెన మొదలుపెట్టాడు. నేను చూసుకోకుండా సరే అని నొక్కి చేతులెత్తాను. ఎవరూ ఏం తియ్యలేదు. నన్ను అడిగింది, నేనే సరే అన్నాను.”

కింద ఆతా ఏదో అన్నాడు, అత్తగారు నవ్వింది. సైకాల్ కలీపా మొహం వైపు చూసింది, తర్వాత ఆవిడ కుడిచేతి వైపు చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. కలీపా ఆ చెయ్యి పళ్ళెం వైపు చాచింది, ఒక ముక్క ముట్టుకుందామని. రొట్టె ఎదురుగా ఉండగా ముట్టకుండా పంపడం ఆ ఊళ్ళో చావు ఇంట్లో కూడా జరగదు.

సైకాల్ గుడ్డ కప్పేసింది. మెల్లగా, అంచులు సర్ది మరీ కప్పింది. పళ్ళెం ఎత్తి ఒంటికి ఆనించుకుంది.

“ఏమ్మా, ఇంకా ఎంతసేపు? ఎజే ముట్టుకుందా?” అని అత్తగారు కింద నుంచి కేకేసింది.

“ముట్టుకున్నారత్తయ్యా” అని సైకాల్ జవాబిచ్చి మెట్లు దిగింది.

కలీపా చెయ్యి ఖాళీ బల్లమీద అలాగే ఉండిపోయింది. కింద సగినాలి ఆతా దీవెన అందుకున్నాడు, పోయినవాళ్ళకి చేరాలని, దారిన పోయేవాళ్ళకి దారి తెరిచుండాలని. ఆవిడ చేతులు ఎత్తలేదు.